ఆవరణ గోడకు ఇవతల: కృష్ణా డెల్టా దిగువన దళిత కుటుంబాలకు ఆసరా ఎవరిచ్చారు?

బందరులో యూదులున్నారంటే చాలామంది నమ్మరు. నమ్మినవాళ్లు కూడా, డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ గిడ్డంగులు కట్టుకున్న పాత రేవు గదా, ఏనాడో ఓడ దిగిన వ్యాపారుల సంతతి కాబోలు అనుకుంటారు. వీళ్లు ఓడ దిగినవాళ్లు కాదు. మాదిగలు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కనున్న కొత్తరెడ్డిపాలెంలోనూ, కృష్ణకు ఇవతల మచిలీపట్నంలోనూ కొద్ది కుటుంబాలు తమను 'బెనె ఎఫ్రాయీము' అని, అంటే ఎఫ్రాయీము గోత్రపు బిడ్డలమని చెప్పుకుంటున్నాయి. ఇశ్రాయేలు నుంచి చెదిరిపోయిన పది గోత్రాల్లో ఒకటి పర్షియా, ఆఫ్ఘనిస్తాన్, టిబెట్, చైనా మీదుగా తిరిగి తెలుగు నేలకు చేరిందనీ, కాలక్రమంలో అంటరానివాళ్లుగా తొక్కివేయబడిందనీ వాళ్ల కథనం. పంతొమ్మిదో శతాబ్దంలో వీళ్ల పెద్దలు బాప్టిస్టు క్రైస్తవంలోకి వెళ్లారు. 1980ల నుంచి షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరుల నాయకత్వంలో యూదు ఆచారాలు నేర్చుకున్నారు. 1990ల మొదట్లో కొత్తరెడ్డిపాలెంలో ప్రార్థనామందిరం కట్టుకున్నారు. మాదిగలు చచ్చినవాళ్లను పూడ్చిపెట్టడం, పశుమాంసం తినడం వంటివి తమ పాత యూదుతనానికి గుర్తులని వాళ్లు చూపిస్తారు. ఊరు ఏ ఆచారాన్ని చూపించి వాళ్లను వెలి వేసిందో అదే ఆచారాన్ని వాళ్లు వంశగౌరవానికి సాక్ష్యంగా నిలబెట్టారు.

ఆ కథనం చారిత్రకంగా నిజమా కాదా అన్న తగాదాలోకి మేము పోవడం లేదు. అది తేల్చాలని ఉబలాటపడేవాళ్లు బ్రాహ్మణ గోత్రాల సంగతి కూడా అంతే పట్టుదలగా తేలిస్తే బాగుండేది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఈ సమాజం మీద పరిశోధన చేసి 2013లో ఒక పుస్తకం ప్రచురించారు. దీన్ని కులానికీ మతానికీ మధ్య నడిచే పెనుగులాటగా వాళ్లు చూశారు గానీ పై దేశం పోవడానికి వేసిన ఎత్తుగా కొట్టిపారెయ్యలేదు. మా ప్రశ్న వేరు. దిగువ కృష్ణలో ఒక దళిత కుటుంబం జబ్బు, చావు, అప్పు, తుఫాను, దాడి వచ్చినప్పుడు ఎవరి గుమ్మం తొక్కింది? ఆ గుమ్మంలో దానికి ఏమి దొరికింది, ఏమి పోయింది? ఈ సంగతులు చరిత్ర పుస్తకాల్లో 'సాంఘిక సేవ' అన్న అధ్యాయంలో ఉంటాయి. ఆ అధ్యాయంలో ఇచ్చినవాళ్ల పేర్లుంటాయి, పుచ్చుకున్నవాళ్ల సంఖ్య ఉంటుంది. పుచ్చుకున్నవాళ్లు తమలో తాము ఏం చేసుకున్నారో ఉండదు.

పెట్టె ఎవరిది?

బెనె ఎఫ్రాయీములు ఏ జాతిలో తాము భాగమంటున్నారో ఆ జాతికి ఈ విషయంలో ఒక పెద్ద చరిత్ర ఉంది. అది కాస్త తెలుసుకుంటే మన పల్లెల సంగతి కొత్తగా కనపడుతుంది. యూదులు బీదలకిచ్చే దాన్ని 'ట్సెదాకా' అంటారు. ఆ మాటకు మూలం దానం కాదు, న్యాయం. యూరపు పట్నాల్లో పౌరహక్కులు లేకుండా ప్రత్యేక పేటల్లో బతికిన రోజుల్లోనే ప్రతి ప్రార్థనామందిరానికీ ఒక పెట్టె, ఒక శవసంస్కార సంఘం, రోగుల్ని చూసే సంఘం ఉండేవి. చచ్చినవాడు ఎంత బీదవాడైనా వాడి స్నానం, గుడ్డ, గొయ్యి సంఘం పూచీ. తర్వాత ఇవే ఆఫీసులుగా పెరిగాయి. లండనులో 1859లో బీద యూదుల కోసం ఒక పాలకమండలి ఏర్పడింది. న్యూయార్కులో 1892లో వడ్డీలేని అప్పుల సంఘం మొదలయింది. 1911లో అదే న్యూయార్కులో పెళ్లాం పిల్లల్ని వదిలిపెట్టి పోయిన భర్తల్ని వెతికిపట్టే ఒక ఆఫీసు పెట్టారు. పోయిన మగాళ్ల ఫొటోలు యిద్దిష్ భాషా పత్రికలో వేసేవాళ్లు! తెలుగు తీరం నుంచి రంగం పోయి తిరిగి రాని మగాళ్ల కోసం ఎన్ని ఇళ్లు ఎదురుచూశాయో తెలిసిన మనకు ఆ ఫొటోల విలువ వేరే చెప్పనక్కరలేదు. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో ఏర్పడిన 'జాయింట్' అనే ఉమ్మడి పంపిణీ సంస్థ దేశాలు దాటి సాయం మోసింది, బొంబాయి యూదుల దాకా వచ్చింది.

వీటిని ఆకాశానికెత్తాలని మా ఉద్దేశం కాదు. న్యూయార్కులో ముందు స్థిరపడిన జర్మనీ యూదులు వెనక వచ్చిన తూర్పు యూరపు బీద యూదుల్ని చూసి ముక్కు మూసుకున్నారు. సాయం అడిగిన ఇంటికి విచారణాధికారి వచ్చి కుండలు మూత తీసి చూసే పద్ధతి అక్కడా నడిచింది. అందుకే బీదవాళ్లు ఎవరి ఊరి పేరన వాళ్లు వేరే సంఘాలు పెట్టుకుని, చందాలు వేసుకుని, గొయ్యి తవ్వే స్థలం కూడా తామే కొనుక్కున్నారు. ఇక మన దేశంలో కొచ్చిన్ యూదుల్లో తెల్లవాళ్లమనుకున్న పరదేశీ యూదులు, దాసుల సంతతి అని ముద్రవేసిన యూదుల్ని మందిరంలో సమానంగా కూర్చోనియ్యలేదు. ఆ వర్గంలో పుట్టిన ఎ.బి. సేలం అనే న్యాయవాది ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో దానిమీద సత్యాగ్రహం చేశాడు. కొంకణపు బెనె ఇశ్రాయేలులు శనివారం గానుగ ఆపే తేలికులుగా పేరుపడ్డవాళ్లు. వాళ్లలోనూ తెల్లవాళ్లు, నల్లవాళ్లు అనే తేడాలు పెట్టుకున్నారు. వాళ్లు ఇశ్రాయేలు పోతే పెళ్లిళ్లకు వాళ్ల పుట్టుక నిరూపించమన్నారు. 1964లో పెద్ద ఆందోళన చేశాక గానీ ఆ నిబంధన పోలేదు. కులం సముద్రం దాటదనుకునేవాళ్లు ఇది చదువుకోవాలి.

అయినా ఒక్క సంగతి మిగిలింది. ఆ పెట్టె వాళ్లది. అందులో పడ్డ కాసు వాళ్లది. దాని లెక్క అడిగే హక్కు, పోట్లాడి వేరే పెట్టె పెట్టుకునే హక్కు కూడా వాళ్లవే. దిగువ కృష్ణలో మన కుటుంబాలకు దొరికిన ఆసరాలో ఈ హక్కు ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నదే మేము పట్టుకుని పోతున్న దారం.

బందరు బడి, ఒంగోలు కాలవ

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరపున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరు వచ్చారు. 1843లో నోబుల్ పెట్టిన ఇంగ్లీషు బడి ఈ జిల్లా ఆధునిక విద్యకు పునాది అని మన పాఠ్యపుస్తకాలు పొగుడుతాయి. ఆ బడిలో మాల, మాదిగ పిల్లలకు ప్రవేశం లేదు. పైకులాల వాళ్లను ముందు గెలుచుకుంటే కిందివాళ్లకు వెలుగు దానంతటదే దిగుతుందని నోబుల్ లెక్క. నీళ్లు పల్లానికి పారతాయి గానీ చదువు పారదని ఆ లెక్క వేసినాయనకు తోచలేదు. పైకులాల నుంచి ఆయనకు వచ్చినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. అడక్కుండా వచ్చినవాళ్లు వేరే ఉన్నారు. 1859 ప్రాంతంలో, అప్పటి కృష్ణా జిల్లాలోనిదే అయిన రాఘవాపురం నుంచి పాగోలు వెంకయ్య అనే మాల పెద్ద తనంతట తానే బెజవాడ మిషనరీ డార్లింగును వెతుక్కుంటూ పోయాడు. ఆయన వెంట కుటుంబాలకు కుటుంబాలు నడిచాయి. మిషను తన పథకం మార్చుకున్నది వెంకయ్య వల్లనే. దళితులు మతం పుచ్చుకున్నారని రాస్తారు గానీ, దళితులు మిషనును పల్లెల్లోకి లాక్కొచ్చారని రాయరు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచింది. పట్నంలోనూ చుట్టుపక్కలా దాదాపు 30,000 మంది పోయారు. మిషను ఆవరణలోని ఆడపిల్లల బోర్డింగు బడి కూడా పిల్లల్ని పోగొట్టుకుంది. ఈ బోర్డింగు అన్నది మన కథలో ముఖ్యమైన వస్తువు. తల్లి చచ్చిన పిల్లకు, పాలేరుతనానికి పోవాల్సిన పిల్లవాడికి, భర్త వదిలేసిన మనిషికి ఊళ్లో ఎక్కడా లేని చోటు ఆ ఆవరణలో దొరికింది. వితంతువులు కొందరు బైబిలు స్త్రీలయ్యారు. అక్షరం నేర్చిన మొదటి దళిత ఆడవాళ్లు వాళ్లే. జీతం తీసుకుని, ఒంటరిగా ఊళ్లు తిరిగి, ఇళ్లలో కూర్చుని పురుళ్ల సంగతి, పిల్లల జబ్బుల సంగతి మాట్లాడారు. ఇవాళ కుటుంబ సంక్షేమం అంటున్నదానిలో సగం పని జీతగాళ్ల పట్టీలో అట్టడుగున ఉన్న ఆ ఆడవాళ్లు చేశారు.

మాదిగల సంగతికి కృష్ణ దాటి దక్షిణానికి, ఒంగోలుకు పోవాలి. బెనె ఎఫ్రాయీముల పెద్దలు నడిచిన బాప్టిస్టు దారి మొదలయింది అటువైపే. 1866లో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ ఒంగోలులో దిగేనాటికే తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తన ప్రశ్నలతో సిద్ధంగా ఉన్నాడు. 1876–78 కరువులో క్లౌ ప్రభుత్వం దగ్గర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టు తీసుకున్నాడు. వేలాది మాదిగలకు అక్కడ కూలి దొరికింది. ఊరి పనిలో తిట్టూ తన్నూ కలిపి కొలిచే గింజలు కాకుండా, చేసిన పనికి లెక్కగా డబ్బు చేతిలో పడడం వాళ్లలో చాలామందికి అదే మొదలు. గమనించాల్సింది, కరువు పని నడిచినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపాడు. తిండికోసం వచ్చారన్న మాట పడకూడదని. పని అయిపోయాక 1878 జూలై 3న ఒక్కరోజున గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. 'బియ్యం క్రైస్తవులు' అన్న ఎగతాళి అప్పటికీ ఇప్పటికీ ఆగలేదు. ఆకలితో వచ్చినవాడి నమ్మకం నమ్మకం కాదనే మాట కడుపు నిండినవాడే అంటాడు. మేము ఆ ఎగతాళిని ఒప్పుకోం. కానీ ఆవరణ ఉచితం కాదు. వేరే సంబంధం చేసుకుంటే, చిందు చూడబోతే, అమ్మవారి కొలుపులో డప్పు కొడితే సంఘం నుంచి వెలి. ఇంట్లో పిల్లకు ఏ పేరు పెట్టాలో, శవం ముందు డప్పు ఉండాలో వద్దో ఆవరణ చెప్పింది. చేతిలో ఉన్న డప్పు పారేస్తే గౌరవమా, పాట పోవడమా అన్న తగవు మనలో ఈనాటికీ తెగలేదు.

గుడివాడ వైపు

1855కల్లా బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలవల నీళ్లు గుడివాడ మాగాణికి చేరాక భూమి విలువ పెరిగింది. ఆ విలువ పెరిగింది ఎవరికో చెప్పనక్కరలేదు. ఊడ్పులు, కోతలు, నూర్పుళ్లు మన చేతులవి. గింజ కరువైన నెలల్లో ఆసామి కొలిచిన ధాన్యానికి పంట రోజున ఒకటికి ఒకటిన్నర తిరిగి కొలిచే నాగు పద్ధతే దళిత కుటుంబానికి తెలిసిన ఒకే ఒక్క 'సహాయ సంస్థ'. న్యూయార్కులో వడ్డీలేని అప్పుల సంఘం నడుస్తున్న కాలంలోనే ఇక్కడ కొడుకును పాలేరుగా పెట్టి తండ్రి కర్మకు అప్పు తెచ్చుకునేవాళ్లు.

1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచములన్న పేరు కాదని ఆది ఆంధ్రులమని ప్రకటించాక, ఆ గాలి మొదట తగిలిన తాలూకాల్లో గుడివాడ ఒకటి. ఇక్కడ గూడూరు రామచంద్రరావు అనే బ్రాహ్మణ సంస్కర్త సేవాశ్రమం నడిపి దళిత విద్యార్థులకు తిండీ నీడా ఇచ్చారు. తర్వాత మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయిన వేముల కూర్మయ్య ఆ ఆశ్రమంతో సంబంధం ఉన్నవాడే. ఇది కూడా ఒక ఆవరణే, గోడలు ఖద్దరువి. రామచంద్రరావు నిజాయితీని శంకించనక్కరలేదు. కాకపోతే ఆశ్రమం పిల్లవాణ్ణి బాగుచేయాలని చూసింది, పిల్లవాడి ఇంటి మీది నాగు సంగతి దానికి పట్టలేదు.

అది కొంతైనా పట్టింది ప్రభుత్వ లేబరు డిపార్టుమెంటుకు. 1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం అణగారిన వర్గాల పని దాని చేతికిచ్చింది. ఇళ్ల స్థలాలు, బావులు, లేబరు స్కూళ్లు, సహకార సంఘాలు వచ్చాయి. కృష్ణా గుంటూరు వైపు లంక భూముల్ని ఆది ఆంధ్ర సహకార సంఘాలకు కౌలుకిచ్చారు. మా పల్లెల్లో ముసలివాళ్లు నిన్నమొన్నటి దాకా 'లేబరు బడి' అన్న మాట వాడేవాళ్లు. ఆ మాటలో దేవుడు లేడు. పైసా వసూలు, రిజిస్టరు సంతకం, కౌలు కాగితం ఉన్నాయి. సంఘం సభ్యుడన్న హోదాలో దళితుడు లెక్క అడగగలిగింది ఇక్కడే. 1949లో అది హరిజన సంక్షేమ శాఖ అయింది. పేరు మారింది, లేబరు పోయి హరి వచ్చాడు.

పిడికెడు బియ్యం

పల్లె తనకు తాను ఏం చేసుకుంది? దీని గురించి రాతలో దొరికేది తక్కువ, ఇళ్లలో దొరికేది ఎక్కువ. అత్తెసరు పెట్టేముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ మందిరానికి పోయేది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య కాలంలో దోర్నకల్ అధ్యక్ష మండలంలో ఇలాంటి కానుకలతోనే చాలా సంఘాలు తమ పంతులు తిండి తామే చూసుకున్నాయి. మిషను చరిత్రల్లో ఇది భక్తికి ఉదాహరణగా మాత్రం కనపడుతుంది. మేము దీన్ని ఇంకోలా చదువుతాం. రోజుకు రెండు పూటలా పొయ్యి వెలగని ఇంట్లోంచి తీసిన పిడికెడు అది. ఎవరికీ చెప్పకుండా ఆడవాళ్లు వేసిన పన్ను. ఆ కుండలోంచి పంతులు జీతమే గాదు, బాలింతకూ మంచాన పడ్డవాడికీ కొంత పోయేది. మందిరం లేని గూడెంలో కూడా చావు ఇంట మూడు రోజులు పొయ్యి ముట్టించకుండా ఇరుగుపొరుగు కూడు తెచ్చిపెట్టడం, గొయ్యి తవ్వడానికి ఇంటికొక మనిషి రావడం, పెళ్లికి చదివింపుల పద్దు రాసుకుని తిరిగి తీర్చడం, ఆడకూలీల ముఠాలో పురిటి మనిషి వంతు నాటు మిగతావాళ్లు వేయడం ఉన్నాయి. ఇవన్నీ లండను పాలకమండలి కాగితాల్లో ఉంటే 'సంస్థ' అనేవాళ్లం. మన దగ్గర ఉంటే ఆచారం అనేశారు.

దీన్ని కూడా అందంగా రాసుకోకూడదు. పిడికెడు వేసింది ఆడవాళ్లు, పద్దు చూసింది మగపెద్దలు. తాగొచ్చి కొట్టిన మొగుణ్ణి పెద్దలు మందలించి వదిలేశారు, దెబ్బలు తిన్న మనిషిని సర్దుకోమన్నారు. మాలపల్లె గొయ్యి వేరు, మాదిగగూడెం గొయ్యి వేరు. ఒకే క్రీస్తు కింద రెండు మందిరాలు కట్టుకున్న ఊళ్లు డెల్టాలో ఎన్ని లేవు! మాలలు ఎక్కువ ఉన్న సంఘంలో మాదిగలకు దక్కింది వెనక వరసే. 1994 జూలై 7న ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ప్రశ్న ఒక్క ఉద్యోగాలదే కాదు, ఆవరణలోపల ఎవరు ముందు కూర్చున్నారన్నది కూడా. కొత్తరెడ్డిపాలెంలో కొందరు మాదిగలు వేరే దేవుడి ఇల్లు కట్టుకున్నది కూడా ఆ సంవత్సరాల్లోనే. రెండింటికీ నేరుగా సంబంధం ఉందని మేము చెప్పం. ఒకే మట్టిలో మొలిచాయి.

1977, దివిసీమ

1977 ఆగస్టు 30న రాష్ట్ర ప్రభుత్వం జీవో నెంబరు 341 ఇచ్చింది. క్రైస్తవం, బౌద్ధం పుచ్చుకున్న షెడ్యూల్డు కులాల వాళ్లకు చట్టబద్ధం కాని ఆర్థిక రాయితీలు ఇవ్వొచ్చని దాని సారం. అంతకు ముందు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కాకపోతే షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవుల్ని బి.సి.ల్లో 'సి' గుంపు కింద ఒక్క శాతానికి పరిమితం చేశారు. అంటరానితనం మాత్రం బాప్తిస్మం నీళ్లకు కరగలేదు.

ఆ జీవో వచ్చిన మూడు నెలలు తిరక్కుండానే, నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. 15–20 అడుగుల అల కోడూరు, నాగాయలంక వైపు మైళ్ల కొద్దీ భూమిని తుడిచేసింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప పేర్లు దేశమంతా విన్నది. సర్కారు లెక్కలోనే దాదాపు 10,000 మంది. దిబ్బ మీద పెంకుటిల్లు ఎవరిది, పల్లంలో తాటాకు పాక ఎవరిది అన్నదాన్ని బట్టి చావు పంపకమయింది. జాలర్లు, యానాదులు, మాలలు, మాదిగలు పల్లంలోనివాళ్లు.

తర్వాత ఆసరా వరదలా వచ్చింది. ఒక ఊరు ఒక సంస్థకు, ఇంకో ఊరు ఇంకో సంస్థకు దత్తు పోయాయి. చర్చీల సహాయ సంఘాలు, రామకృష్ణ మిషన్, ఫాదర్ విండీ గుంటూరు నుంచి నడిపిన గ్రామ పునర్నిర్మాణ సంస్థ, సర్వోదయం వాళ్లు, పై రాష్ట్రాల ప్రభుత్వాలు. పక్కా ఇళ్లు, తుఫాను షెల్టర్లు లేచాయి. వాటి విలువ తక్కువ చేయం, ఆ షెల్టర్లు తర్వాతి తుఫానుల్లో ప్రాణాలు కాచాయి. అయితే దివిలో పదేళ్లపాటు కుటుంబాల్ని వెంబడించి పీటర్ విన్‌చెస్టర్ 1992లో రాసిన పుస్తకం ఒక చేదు నిజం చెప్పింది. కుటుంబం తేరుకోవడాన్ని నిర్ణయించింది ఇల్లు కాదు. భూమి, అప్పు పుట్టే దారి, ఆ అప్పు కోసం ఎవరి కింద పడి ఉండాలన్నది. ఉన్నవాడు సహాయాన్ని కూడా వాడుకుని ముందుకు పోయాడు. లేనివాడు కొత్త ఇంట్లో పాత అప్పుతో కూర్చున్నాడు. నాగు మళ్లీ వచ్చిందన్నమాట, ఈసారి సిమెంటు కప్పు కింద. ఇన్ని సంస్థల్లో దళిత కుటుంబాలే సభ్యులుగా ఉండి, లెక్క తామే చూసుకుని, వడ్డీలేని అప్పు తామే ఇచ్చుకునే సంఘం పెట్టడం పెద్ద పని అనుకున్నవాళ్లు అరుదు. పంచిపెట్టడం తేలిక, ఫొటో వస్తుంది.

ఆవరణ ఇంకో రకంగా కూడా పనికొచ్చింది, అది మరవకూడదు. 1985 జూలై 17న కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపినప్పుడు దళితులు తెనాలి సాల్వేషన్ ఆర్మీ ఆవరణకు చేరారు. చుండూరు కొత్తరెడ్డిపాలెం అప్పట్లో ఒకే జిల్లావి, దగ్గరివి. పోలీసు స్టేషనుకు పోలేని మనిషి గోడ ఉన్న చోటుకు పోతాడు. ఆ శిబిరాల్లో మాత్రం వంట, పంపకం, రాత్రి కాపలా, పిల్లల చదువు, కేసు కాగితాలు దళితులే చూసుకున్నారు. 1985 సెప్టెంబరులో చీరాలలో దళిత మహాసభ పుట్టింది అలాంటి శిబిరంలోంచే. సాయం పుచ్చుకునే చోటు సాయాన్ని నడిపే చోటుగా మారితే ఏమవుతుందో అప్పుడు కొద్ది నెలలు కనపడింది.

శనివారం కూలి

మళ్లీ బందరు, కొత్తరెడ్డిపాలెం యూదుల దగ్గరికి. వాళ్లు చేరదలచిన జాతి దగ్గర ఇంత పెద్ద ఆసరా యంత్రాంగం ఉంది గదా, వీళ్లకు అందిందేమిటి? 1994లో అమెరికాలో ఏర్పడిన 'కులాను' వంటి స్వచ్ఛంద బృందాలు వచ్చి చూశాయి, మందిరానికీ చదువుకూ కొంత సాయపడ్డాయి, రాసి ప్రపంచానికి తెలియజేశాయి. అంతకు మించి తలుపు తెరవాలంటే ముందు మీరు యూదులేనని ఎవరో ఒప్పుకోవాలి. ఈశాన్య రాష్ట్రాల బెనె మెనాషెలను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల్లో ఒకరు గుర్తించారు. బెనె ఎఫ్రాయీములకు ఆ గుర్తింపు రాలేదు. 1964లో బొంబాయి యూదుల్ని అడిగిన ప్రశ్నే ఇక్కడ మాదిగల్ని అడుగుతున్నారు, కాస్త మర్యాదగా.

శనివారం సబ్బాతు, పని చేయకూడదు. నాట్లు పడే వారంలో శనివారం పని మానితే కూలి పోతుంది, ముఠాలో చోటు కూడా పోవచ్చు. నెల జీతం వచ్చేవాడికి సబ్బాతు విశ్రాంతి. రోజు కూలీకి అది ఆరో వంతు ఆదాయం. యూదు ధర్మశాస్త్రం ప్రకారం ఆ రోజు అప్పు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. ఆదివారం తెల్లారి ఆసామి దగ్గర అడుక్కోకుండా ఉండాలంటే శుక్రవారమే సంఘం పెట్టెలో ఏదో ఒకటి ఉండాలి. పాత యూరపు పేటల్లో పెట్టె పనికొచ్చింది ఇలాంటి అవసరానికే. మందిరం కట్టడం కంటే కష్టమైన పని అది. అయినా ఇక్కడి ఆడవాళ్లకు కొత్త కాదు. పిడికెడు బియ్యం తీసిన అమ్మల మనవరాళ్లు వాళ్లు.

తహసీల్దారు కాగితం సంగతి మిగిలింది. ఒకే ఇంట్లో ఒక కొడుకు సర్టిఫికెట్టు మీద హిందూ మాదిగ, ఇంకో కొడుకు క్రైస్తవుడు గనక బి.సి.సి., ఆదివారం ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చునే ఇళ్లు దిగువ కృష్ణలో కొల్లలు. ఆసరా కావాలంటే అబద్ధమాడాలి, నిజం చెబితే ఆసరా పోతుంది. ఒక కుటుంబాన్ని లోపలినుంచి తినే పురుగు ఇంతకన్నా ఏముంటుంది! 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైన మనిషికి షెడ్యూల్డు కులం హోదా ఉండదనీ, అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరే వీలు లేదనీ, చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నా సరేననీ తీర్పు చెప్పింది. ఆ లెక్కన ఉప్పెనకు ముందు ఇచ్చిన జీవో 341 ఇప్పటికీ ఒక చిన్న ఆధారమే. అందులో రెండు మతాల పేర్లున్నాయి. బడిలో చేర్చేటప్పుడు మతం గడిలో 'యూదు' అని రాయించిన మాదిగ పిల్లవాడికి ఆ రెంటిలో ఏదీ వర్తించదు.